గడప దగ్గర ఒకే జత

ఆ ఇంటి గడప దగ్గర ఎప్పుడూ ఆడవాళ్ల చెప్పులు ఒక్క జతే ఉండేవి. లోపల ముగ్గురున్నా, వీధికి తెలిసింది మాత్రం తండ్రి లేని పిల్లా, దాని తల్లీ. మూడో మనిషి పిన్ని. ఆమెకు ఆ దేశంలో ఉండే అనుమతి లేదు.

పని చేసుకునే అనుమతి అమ్మకే ఉంది. నడుం పట్టేసి అమ్మ మంచం ఎక్కినప్పుడు, చూసిపోదామని వచ్చిన పిన్ని అమ్మ కార్డు మెడలో వేసుకుని లాండ్రీకి వెళ్లింది. అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒకే అచ్చు, ఎవరూ పోల్చుకోలేదు. తర్వాత నడుం బాగుపడింది గానీ కార్డు మాత్రం పిన్ని మెడ దిగలేదు. పిల్ల పలక వదిలి పెద్ద బడికి వెళ్లేదాకా అదే సాగింది.

పిన్ని బయట ఉన్నంతసేపూ అమ్మ కిటికీ తెర కూడా తీసేది కాదు. ఒకే మనిషి రెండు చోట్ల కనబడితే కొంప మునుగుతుంది. పిన్ని వచ్చి చెప్పులు విడిస్తే, ఆ వేడి చెప్పుల్లోనే కాళ్లు పెట్టుకుని అమ్మ కూరలకు వెళ్లేది.

సాయంత్రాలు టీవీలో పెద్దమనుషులు అరుచుకునేవారు. వాళ్ల భాష పిల్లకొక్కదానికే వచ్చు. దొంగదారిన వచ్చినవాళ్లను తరిమేయాలని ఒకాయన అంటున్నాడని చెబితే, పిన్ని నవ్వింది.

"ఆయన దిగిన హోటల్ దుప్పటి నేనే ఇస్త్రీ చేసుంటానే. నిద్ర మాత్రం బాగానే పట్టుంటుంది."

చివరికి కొత్త చట్టం వచ్చింది. ఏళ్ల తరబడి మానకుండా పనిచేసిన అనుమతిదారులు ఇక శాశ్వతంగా ఉండొచ్చు. వాళ్ల ఇంట్లో అనుమతి లేని తోబుట్టువులుంటే, ఆఫీసుకు పిలిచిన రోజే అధికారి ముందు చెప్పాలి. చెబితే శిక్ష లేదు, వాళ్లకూ అనుమతి ఇస్తారు. ఆ రోజు దాటితే ఎవరూ వినరు.

"చెబుతానే, తోడబుట్టినదాన్ని నట్టేట ముంచుతానా" అంది అమ్మ.

అధికారి అడిగితే తడుముకోకుండా చెప్పాలని పిన్ని అక్కకు తన పని నేర్పింది. తడి దుప్పటి ఎలా విదిలించాలో, అంచులు వేడి ఇస్త్రీ రోలర్‌కి ఎలా అందించాలో మంచం మీద చేసి చూపించింది. ఆ రోలరే ఒకసారి ఆమె ముంజేతిని చుర్రుమనిపించింది. అమ్మ చేతులు నున్నగా ఉన్నాయి.

"మచ్చ అరువివ్వడం కుదరదు కదక్కా. పొడుగు చేతుల జాకెట్ వేసుకుపో" అంది.

ఆఫీసులో అమ్మ పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది, పిల్ల దాన్ని వాళ్ల భాషలోకి మార్చి చెప్పింది. అధికారి తలూపాడు. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. పిల్ల అమ్మ వైపు తిరిగింది. అమ్మ కళ్లు బల్ల మీదున్న కొత్త కార్డు మీదే ఉన్నాయి.

"ఉందంటే ఇన్నాళ్లూ ఏం పని చేసి బతికిందంటాడు" అంది అమ్మ, పెదవులు కదలకుండా. "ఆ పైన నువ్వేం చేశావని నన్నడుగుతాడు. ఉన్నదీ పోతుంది. ఎవరూ లేరని చెప్పు."

క్లాసులో హాజరు పలికినా పక్కవాళ్లకు వినబడని పిల్ల. ఆ రోజు మాత్రం స్పష్టంగా చెప్పింది. పిల్ల మా భాష ఎంత చక్కగా మాట్లాడుతోందో అని అధికారి మెచ్చుకున్నాడు. ఆ మెప్పును పిల్ల అమ్మకు చెప్పలేదు.

పిన్ని తలుపు వెనకే నిలబడి ఉంది.

"చెప్పావా అక్కా?"

"అడగలేదే" అంది అమ్మ.

పిన్ని పిల్ల మొహం చూసింది. పిల్ల తల దించుకుంది. కాళ్లు కడుక్కోండి, అన్నం వడ్డిస్తానంది పిన్ని.

మర్నాడు పొద్దున పిన్ని పనికి తయారై వచ్చేసరికి గడప దగ్గర చెప్పులు లేవు. పిల్ల కిటికీ తెర కొంచెం తొలగించింది. కొత్త కార్డు మెడలో వేసుకుని, అమ్మ వీధి మధ్యలో ఎండలో నడుస్తోంది. కొట్టు ముందు ఆగి ఎవరితోనో నవ్వుతోంది. అంత తీరుబడిగా అమ్మ నడవడం పిల్ల ఎప్పుడూ చూడలేదు.

పిన్ని వచ్చి తెర మూసేసింది.

"లాండ్రీకి టైమవుతోంది పిన్నీ."

పిన్ని గోడకు చేరగిలబడి కూర్చుంది.

"ఎలా వెళ్లనే? నేను వీధిలో ఉన్నానుగా."