కదిలిన గొడుగు

ఫోటోగ్రాఫర్ నోట మంచి మాట విని ఆరేళ్లయింది. భార్యతో పాటే అదీ పోయింది. కొడుక్కి స్టూడియో పని పట్టలేదు, కోడలికి పట్టింది. ఆ మాటా ఆయన ఎప్పుడూ పైకి అనలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నాటకం ఆట. రంగస్థలం మీద ఒక్క లాంతరు వెలుగే ఉంటుందట. ఫ్లాష్ కూడదు. ఒక్క మనిషిని, ఒక్క కెమెరాతోనే రానిస్తారట. ఫోటోలు నచ్చితే ఏడాది పొడుగునా పని, లేదంటే ఎదురు స్టూడియోకి. ఈ పనీ పోతే షట్టరు దించుకోవలసిందే.

బల్ల మీద రెండు కెమెరాలున్నాయి. ఒకటి ఆయన పదేళ్లుగా మోస్తున్న బరువైనది. రెండోది కోడలు అద్దెకు తెచ్చిన కొత్తరకం చిన్నది.

"సబ్బుబిళ్లంత ఉంది. ఫోటోలు తీస్తావా, ఒళ్లు రుద్దుకుంటావా?"

"రెండూ పరీక్ష పెట్టండి మామయ్యా. ఏది గెలిస్తే అది."

ఆయన పరీక్ష ఒక్కటే. సామాన్ల గది తలుపు ఓరగా వేసి, మూలన నల్ల గొడుగు తెరిచిపెట్టి, సందులోంచి వచ్చే వెలుగుతోనే తీయాలి. బొమ్మలో గొడుగు ఊచలు ఎనిమిదీ లెక్కకు రావాలి.

స్టాండు వేసి రెండింటితోనూ తీశాడు. కంప్యూటర్లో చూస్తే రెండింట్లోనూ ఎనిమిదే.

"సరిపోయిందా? అద్దె దండగ" అన్నాడు.

కోడలు గదిలోకెళ్లి గొడుగు కర్ర పట్టుకుని మెల్లగా తిప్పసాగింది. "ఇప్పుడు తీయండి."

"ఇది పరీక్షా, సర్కసా?"

"నాటకంలో మనుషులు బొమ్మల్లా నిలబడరు కదండీ."

పెద్ద కెమెరాతో తీస్తే గొడుగు నల్లటి మసకగా పడింది. షట్టరు వేగం పెంచాడు, బొమ్మ చీకటైంది. వెలుగు పట్టే శక్తి పెంచాడు, బొమ్మంతా ఇసుక చల్లినట్టయింది. అదే వేగంతో, అదే శక్తితో చిన్నదానితో తీశాడు. కాస్త ఇసుక కనబడింది గానీ ఊచలు ఎనిమిదీ ఉన్నాయి. ఊచ కొసన కుట్టిన దారం కూడా ఉంది.

"కదలకండి, నవ్వండి" అంటూ నలభై ఏళ్లు జనాన్ని శిలల్ని చేసి తీసినవాడు. గొడుగుని కదిలించాలని ఆయనకు ఏనాడూ తట్టలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. పెళ్లయి వచ్చి నాలుగేళ్లు కాని పిల్లకి తట్టింది. కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు.

జేబులోంచి నాటకం పాసు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వెళ్లు."

"మీరు వెళ్తారనుకున్నానే?"

"చెప్పింది విను. బ్యాటరీ నిండిందో లేదో చూసుకో."

సాయంత్రం ఫోటోలు చూశాడు. నాయిక గిర్రున వెనక్కి తిరుగుతోంది. చెంప మీద లాంతరు వెలుగు, పై పెదవి మీద చెమట చుక్క, గాల్లో లేచిన జడ, వెంట్రుక వెంట్రుకా విడివిడిగా. తప్పు వెతకడానికి అరగంట కూర్చున్నాడు.

"ఆ స్తంభం వంకరగా వచ్చింది."

"వచ్చింది మామయ్యా."

అంతకు మించి దొరకలేదు. ఫోటోలు నాటకం వాళ్లకి పంపించెయ్యమన్నాడు.

చీకటి పడుతుండగా నాటకం వాళ్ల పెద్ద ఫోన్ చేశాడు. "ఏడాది పని మీదేనండీ. ఆ తిరుగుతున్న ఫోటో మీరేగా తీసింది?"

"కాదు. మా కోడలు. నాకు చేతకాదు అలాంటిది" అని ఫోన్ పెట్టేశాడు.

కోడలు గుమ్మంలో నిలబడి వింది. "మామయ్యా, నన్ను పొగిడారా ఇప్పుడు?"

"ఉన్నది చెప్పాను. పొగడ్త వేరే ఉంటుంది. దానికి ఇంకా టైముంది."