దారం కట్టిన బండ్లు

సాగర్ డ్యాం పని మొదలయ్యాక నరసరావుపేటలో మాచర్ల రోడ్డు పొద్దున్నే బిగుసుకుపోయేది. డ్యాముకు పోయే సిమెంటు లారీలు ఒక పక్క, గుంటూరు పోయే మిరపకాయల బండ్లు ఒక పక్క. రోడ్డు వెడల్పు చేయాలన్నారు. చేస్తే ముందు పోయేది బాలశౌరి ఇల్లు. పదిహేనేళ్లు ఆ రోడ్డుకే కంకర కొట్టి లేపుకున్న రెండు గదులు. అర్జీ పెట్టుకోమన్నారు, పెట్టాడు. దాన్ని చదివిన నాథుడు లేడు.

ఆ వేసవిలో ప్రభాకరరావని కొత్త ఇంజనీరు వచ్చాడు. ఏదీ కూలగొట్టకముందు రోడ్డు రద్దీని ఆటలా ఆడి చూద్దామన్నాడు. బడి వరండాలో సుద్దముక్కతో రోడ్డు గీసి గళ్లు వేశాడు. చింతగింజ ఒక లారీ, ఎండుమిరపకాయ ఒక బండి. చప్పట్లు కొడితే ఒక నిమిషం గడిచినట్టు. లెక్క ప్రకారం గంటకు అరవై బండ్లు కాబట్టి నిమిషానికొకటి చొప్పున వదిలాడు. ఎన్నిసార్లు ఆడినా గింజలు సాఫీగా సాగిపోయాయి. బయట చూస్తే లారీలు గంటలకొద్దీ నిలబడి ఉన్నాయి. ఈ ఆట పనికిరాదు, రోడ్డు వెడల్పే గతి అని ఆయన కాగితాలు సర్దబోయాడు.

వరండా కింద కూలీల్లో నిలబడ్డ బాలశౌరి ఉండబట్టలేకపోయాడు.

"బండ్లు అట్టా ఒక్కోటి యాడొస్తయ్ సారూ?"

గుమాస్తా పుల్లారావు నవ్వాడు. "ఏందిరా శౌరీ, నాలుగో క్లాసు చదివి సారుకే లెక్కలు చెబుతున్నావా?"

ఇంజనీరు మాత్రం చెప్పమన్నాడు. బాలశౌరి తువ్వాలు అంచు నుంచి దారం పీకి, ఎనిమిది మిరపకాయల తొడిమలు వరసగా కట్టాడు. పల్నాటి బండ్లు ఇట్లాగే వస్తాయన్నాడు. వెనక బండి ఎద్దుల పలుపు ముందు బండికి కట్టి ఉంటుంది, మొదటి బండివాడు తప్ప అందరూ నిద్రే. మలుపులో నీళ్ల తొట్టి దగ్గర మొదటి ఎద్దులు ఆగితే మొత్తం వరసా ఆగుతుంది, తోక రోడ్డుకు అడ్డం పడుతుంది.

ఇంజనీరు దారంతో ఆడి చూశాడు. మూడు చప్పట్లకే చింతగింజలు కుప్పపడ్డాయి. తొట్టిని ఊరి బయటికి జరిపి మళ్ళీ ఆడితే గింజలు కదిలాయి.

"తొట్టి మార్చి నెల రోజులు చూద్దాం. తెరిపి వస్తే నీ ఇంటి జోలికి రాను," అన్నాడు.

కొత్త తొట్టికి గుంత బాలశౌరే తవ్వాడు. అక్కడ ఎద్దులు నీళ్లు తాగడం మొదలుపెట్టిన పదో రోజు పొద్దున మలుపులో నిలబడి చూశాడు. ఆగి ఉన్న లారీలు రెండే.

ఇంటికెళ్లి, వానలకు ముందే పైకప్పు తాటాకు మార్చాలన్నాడు.

"నెల కావాలంటే ఇంకా ఇరవై రోజులుందిగా," అంది భార్య హన్నమ్మ.

అప్పటికే అతను ఆకు బేరానికి వీధిలోకి దిగాడు.