టేపులో ఎడ్నా

పొద్దున్నే మావిస్ టీ కాచుకుని, వంటింటి బల్ల మీద టైపు మిషను పెట్టుకుని, ఫోను వంక కొరకొరా చూసేది. అది మోగేది కాదు. లేచి కిటికీ తీసేది, మాంచెస్టర్ వాన మొహాన కొడితే తిట్టుకుంటూ మూసేది. టీవీకి హాస్య నాటికలు రాసే మనిషి కాలు ఒకచోట నిలుస్తుందా?

వాళ్లమ్మ ఎడ్నా పోయి చాలా ఏళ్లయింది. కానీ మావిస్ మొదటి నాటిక రికార్డింగుకొచ్చి, ముందు వరసలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్విన నవ్వు టేపులో ఉండిపోయింది. జనం నవ్వు చాలనప్పుడల్లా స్టూడియోవాళ్లు ఆ టేపే వేస్తారు. అందులో మిగతావాళ్లంతా మీట నొక్కితే నవ్వుతారు. ఎడ్నా మాత్రం తనకి నచ్చితేనే నవ్వుతుంది. ఇది అక్కడ అందరికీ తెలిసిందే, వాన పడుతోందన్నట్టు.

మావిస్ రాసినవాటిలో ఆవిడ నవ్విన రెండు సీరియళ్లని దేశమంతా చూసింది. నవ్వని సినిమా వారం ఆడలేదు. ఆ తర్వాత మావిస్ సబ్బుల ప్రకటనలు రాసింది, పరాయివాళ్ల స్క్రిప్టులకి జోకులు అతికించింది. ఇప్పుడొక కొత్త నాటిక చేతికొచ్చింది. ఇదీ పోతే ఇక పిలిచేవాడుండడు.

ఆ భయంతో అందులో జారిపోయే ప్యాంట్లు, గయ్యాళి అత్తలు కూరింది. ఆడదయ్యుండి, మగాళ్లు అరగదీసిన అత్తల జోకులు! భయం ఎంత పనైనా చేయిస్తుంది.

సౌండు గదిలో నాటిక చదివి వినిపిస్తుంటే, టేపులు చూసుకునే ముసలి డెస్ ఆ టేపు తిప్పాడు. టేపులో అందరూ నవ్వారు. ఎడ్నా కిక్కురుమనలేదు.

"అమ్మగారికి ఎక్కలేదమ్మడూ," అన్నాడు డెస్.

"మావిస్, డార్లింగ్," అన్నాడు నిర్మాత గైల్స్. పని ఊడగొట్టేముందు ఎవర్నైనా డార్లింగ్ అనడం అతని అలవాటు. "సాయంత్రంలోగా ఆవిణ్ణి నవ్వించు. లేదంటే ఇంటికి పో."

మావిస్ స్పీకరు ముందు నిలబడి నడుం మీద చేతులేసుకుంది.

"ఏమ్మా, ఎందుకలా మూతి బిగించుకు కూచున్నావు? నిన్ను పూడ్చిన రోజు భోజనాల్లో హామ్ మాంసం చాల్లేదనేనా, ఇంకా? నన్నేం చెయ్యమంటావు? పక్కింటి ఐవీ శాండ్‌విచ్‌లన్నీ హ్యాండుబ్యాగులో కుక్కుకుంది! మిగిలిన మాంసం కాగితంలా పల్చగా కోసి పెట్టాను. పాస్టరుగారైతే రొట్టె విప్పి మరీ వెతుక్కున్నాడు!"

స్పీకరు గరగరలాడింది. ఎడ్నా గురక పెట్టినట్టు ఊపిరి లోపలికి పీల్చి, పకపకా నవ్వింది.

"రాసెయ్, రాసెయ్!" అంటూ డెస్ పెన్సిలు విసిరాడు.

మావిస్ పైకి చదువుకుంటూ స్క్రిప్టు వెనకవైపు రాస్తూ పోయింది. అందానికి కాస్త అబద్ధం కలిపితే ఎడ్నా ఆగిపోయేది. కొట్టేసి ఉన్నదున్నట్టు రాస్తే మళ్లీ మొదలు.

"చావు మీద నాటికా? ఎవడు చూస్తాడు?" అన్నాడు గైల్స్.

ఎడ్నా దానికీ నవ్వింది. అతను రికార్డింగుకి తేదీ వేశాడు.

నాటిక టీవీలో వచ్చింది. మర్నాటికి టేపులో ఎడ్నా లేదు. "వెళ్లిపోయిందమ్మడూ," అని డెస్ ఫోను చేసి చెప్పాడు, వాన వెలిసిందన్నట్టు. వెంటనే గైల్స్ ఫోను. ఇంకా రాయమన్నాడు. ఈసారి డార్లింగ్ అనలేదు.

మావిస్ ఫోను పెట్టేసింది. బాగుందో లేదో ఇక చెప్పేదెవరు? కిటికీ తీసింది, మూసింది. చివరికి కూర్చుని, శాండ్‌విచ్‌తో దొరికిపోయిన ఐవీ నోట ఒక మాట పెట్టి టైపు కొట్టింది.

వంటింట్లో ఎవరో గురక పెట్టినట్టు ఊపిరి పీల్చి, పకపకా నవ్వారు.

"అమ్మా?" అని గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఎవరూ లేరు. నవ్వింది తనే.