అయ్యగారి నూనె, దుర్గాదేవి దారం

అయినా పాతకాలపు ఐగుప్తులో మంత్రానికీ మతానికీ వేరువేరు మాటలే లేవు కదా, గుడిలో దేవుడికి నైవేద్యం పెట్టే పూజారే జ్వరం వచ్చిన పిల్లకి నారబట్ట పేలిక ముడులు వేసి మెడలో కట్టేవాడు, ముడి వేస్తూ దేవుణ్ణి పిలిచేవాడు, ఇది మంత్రమా ప్రార్థనా అని అతన్ని ఎవరూ అడిగి ఉండరు, నన్ను మాత్రం ఇంకాసేపట్లో అడుగుతారు, జెనిఫర్ నా ఒళ్ళో కాళ్ళు ఆడిస్తోంది, ఆడించినప్పుడల్లా తెల్ల గౌను పైకి జరుగుతోంది, నేను కిందికి లాగుతున్నాను, గౌను లోపల నడుముకి నల్లదారం ఉంది, ఈ ఆదివారం నా బిడ్డని దేవుడికి ప్రతిష్ఠ చేస్తున్నాం, ముందు బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ, దాని మీద ప్రార్థన నూనె సీసా, సీసా పక్కన కత్తెర, ప్రతిష్ఠకి తెచ్చిన బిడ్డ ఒంటి మీద తాయెత్తో తాడో కనిపిస్తే మా పాస్టరు ఏసుపాదం అయ్యగారు సంఘం ఎదుటే దాన్ని కత్తిరించి ఆ తర్వాతే ప్రార్థన చేస్తారు, పోయిన నెల యలమంద మనవడికి అలాగే కత్తిరించారు, పిల్లాడు నవ్వుతూనే ఉన్నాడు గానీ యలమంద భార్య కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది, మళ్ళీ ఈ గడప తొక్కలేదు, ఇవాళ ఆ వంతు మా అత్తయ్యది అవుతుందేమో, స్త్రీల సమాజానికి పెద్ద, ఉపవాస ప్రార్థనలు ముందుండి నడిపించే రాజకుమారమ్మ గారు, మనవరాలి మొలకి తాడు కట్టింది ఆవిడే.

పొద్దున బిడ్డకి నీళ్ళు పోసేటప్పుడు అడిగాను, ఇవాళ్టికి తీసేద్దాం అత్తయ్యా, సాయంత్రం మళ్ళీ కడుదురు గానీ అన్నాను, ఆవిడ చెంబు కింద పెట్టి నా వైపు చూసింది, దేవుడి దగ్గర దాచిపెట్టి ఇంటికొచ్చి కట్టుకుంటామా, అదేం బుద్ధి హెప్సీబా అంది, పోనీ పూర్తిగా తీసేద్దామా అంటే దానికీ ఒప్పుకోలేదు, నీ పుస్తకాల్లో ఐగుప్తు వాళ్ళు కట్టుకుంటే పరిశోధనా, నేను కడితే పాపమా అని నవ్వింది, నాకూ నవ్వొచ్చింది, బందరు యూనివర్సిటీలో నేను రాస్తున్నది అదే, పాత కాలపు మనుషుల మంత్రాలకీ మతానికీ ఉన్న సంబంధం, మా గైడు గారు పెన్సిలు ఆడిస్తూ అంటారు, ఎక్కడో ఒకచోట గీత గియ్యమ్మా, ఇటు మతం, అటు మంత్రం, గియ్యకపోతే అధ్యాయం తేలదు అని, మా ఆయన శామ్యూల్ ఏమో మీ ఇద్దరి మధ్య నేను రాను బాబూ అని పొద్దున్నే చర్చికి వచ్చేశాడు, ఇప్పుడు అదిగో కిటికీ పక్కన కూర్చుని రిథమ్ ప్యాడ్ వాయిస్తున్నాడు, పాట మధ్యలో బిడ్డని చూసి కనుబొమలు ఎగరేస్తున్నాడు, అది బోసినోటితో నవ్వుతోంది, పాలకాయతిప్ప సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి వస్తోంది, తలుపు కర్టెన్ ఉబ్బి మళ్ళీ పడుతోంది, నిజానికి ఎంత బాగుంది ఈ పొద్దు, ఆ కత్తెర ఒక్కటీ లేకపోతే.

ఆస్పత్రిలో ఇలాంటి గాలి లేదు, అక్కడ ఫినాయిలు వాసన, నెలలు నిండకుండా పుట్టిన జెనిఫర్ గాజుపెట్టెలో, నా పిడికిలంత తల, పక్క పెట్టెలో పెడన నేతగాళ్ళ పిల్లాడు, వాడి నాయనమ్మ దుర్గాదేవి గారు, వేళ్ళ సందుల్లో రంగు మరకలు పోని మనిషి, బతికితే భావనారాయణ అని స్వామి పేరు పెట్టుకుంటామండీ అని మా అత్తయ్యతో అనేది, బతుకుతాడు, బతికితే అనకు వదినా అని మా అత్తయ్య కసిరేది, ఆ పలకరింపుతోనే వదినలైపోయారు ఇద్దరూ, పిల్లల్ని ముట్టుకోనివ్వరు కదా, అత్తయ్య అయ్యగారు ప్రార్థించి ఇచ్చిన నూనె వేలికి అద్దుకుని మా పెట్టె గాజు మీద సిలువ గుర్తు పెట్టింది, ఆగి, పక్క పెట్టె మీద కూడా పెట్టింది, దుర్గాదేవి గారు అప్పటిదాకా కొంగుముడిలో దాచుకున్న నల్లదారం తీసింది, మగ్గం మీద చీర దిగాక పడుగు చివర మిగిలిన పోగట, గుళ్ళో స్వామి పాదాల దగ్గర పెట్టి తెచ్చిందట, దాన్ని పంటితో రెండు ముక్కలు చేసి ఒకటి వాళ్ళ పెట్టె గొళ్ళేనికి కట్టి, రెండోది అత్తయ్య చేతిలో పెట్టింది, అత్తయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, నేను చూస్తూనే ఉన్నాను, మా గొళ్ళేనికి కట్టేసింది, నర్సు వచ్చి గాజంతా జిడ్డు చేశారేంటమ్మా, ఇదేమన్నా మీ వంటిల్లా అని ఇద్దర్నీ కలిపి తిట్టింది, ఇద్దరూ కలిసే తిట్లు తిన్నారు, పిల్లలు బయటికొచ్చాక గొళ్ళెం మీది దారాలు మొలల మీదికి వచ్చాయి, అంతే.

గ్రీకులకి మాగోస్ అంటే పారసీకుల పూజారి, అక్కడ అతను మామూలు పూజారే, సముద్రం ఇవతలి వాళ్ళ నోట్లో పడేసరికి మాంత్రికుడైపోయాడు, రోములో మగపిల్లల మెడలో దిష్టి తగలకుండా తాయెత్తు వేలాడదీసేవాళ్ళు, పక్క దేశం తాయెత్తు మాత్రం వాళ్ళకి చేతబడి, అపొస్తలుడి ఒంటిని తాకిన చేతిగుడ్డలు రోగుల దగ్గరికి తీసుకెళ్ళారని అయ్యగారే ఎన్నిసార్లు చెప్పలేదు, తర్వాతి రోజుల్లో దేవుడి వాక్యాన్నే చిన్న చీటీల మీద రాసి పిల్లల మెడల్లో కట్టిన తల్లులున్నారు, వాళ్ళని కోప్పడిన బిషప్పులూ ఉన్నారు, అంటే ఈ కత్తెర కొత్తదేం కాదు, అయ్యో, పాట అయిపోయింది, శామ్యూల్ చేతులు ఆగిపోయాయి, తల్లి బిడ్డని తీసుకుని ముందుకి రావాలి అంటున్నారు అయ్యగారు.

నిలబడ్డాను, నడుస్తున్నాను, అత్తయ్య నా పక్కనే వస్తోంది, అయ్యగారు జెనిఫర్‌ని చేతుల్లోకి తీసుకున్నారు, ఏం బంగారూ బాగా ఒళ్ళు చేశావే అన్నారు, నుదుటి మీద నూనె పెట్టారు, చెయ్యి నడుము కిందికి జరిగింది, అక్కడ ఆగింది, గౌను గుడ్డ మీంచి ఆయన వేళ్ళు ముడిని తడుముతున్నాయి, ఇదేంటమ్మా అని నన్ను అడిగారు, నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, అది నేను కట్టిందేనండీ అయ్యగారూ అంది, నువ్వా రాజకుమారమ్మా అన్నారాయన, వెనక వరసల్లో గుసగుస మొదలైంది, నేనేనండీ, కత్తిరించండి, నేనేం అడ్డం రాను, కాపోతే ఒక్క మాట, ఈ తాడు ఇచ్చినావిడ మనవడి పెట్టెకి మీ నూనె రాశానండీ, వాళ్ళు గుళ్ళో స్వామికి మొక్కేవాళ్ళు, అయినా కాదన్లేదు, మొన్న ఫోన్ చేసి సీసా అయిపోయింది, మీ అయ్యగార్నడిగి ఇంకోటి పంపించు వదినా అంటోంది, ఇది కత్తిరించేశాక ఆవిడకి ఏం చెప్పమంటారో మీరే చెప్పండి, ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు, మగవాళ్ళ వైపు నుంచి అప్పారావు గారు రూలంటే అందరికీ ఒకటే రూలండీ అని గట్టిగానే అన్నారు, నిజమే, యలమంద భార్య గుర్తొచ్చింది, అయ్యగారికీ గుర్తొచ్చి ఉంటుంది, ఆవిడ కూర్చునే చోటు వైపు చూశారు, తర్వాత నా వైపు తిరిగి, నీ బిడ్డ తల్లీ, చదువుకున్నదానివి, నువ్వు చెప్పు అన్నారు.

చదివిన అధ్యాయాలన్నీ పక్కన పెట్టేసి, ఆస్పత్రిలో ఆ రోజు భయమేసిందండీ, ఏది అందితే అది పట్టుకున్నాం, ఇప్పుడు భయం లేదు, ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, మీరు ప్రార్థన చెయ్యండి అన్నాను, నా గొంతు మందిరమంతా వినబడటం అదే మొదలు, ఆయన సర్లే, నీళ్ళకి నాని అదే తెగిపోద్ది అని కత్తెర తీసి జేబులో వేసుకున్నారు, యలమంద ఇంటికి రేపు నేనే వెళ్తాను అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు, చెయ్యి మాత్రం తియ్యలేదు, ముడి మీదే ఉంచి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు, అత్తయ్య కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండా ఆమెన్ ఆమెన్ అంటోంది, నేను కళ్ళు మూసుకోలేదు, చూస్తున్నాను, ముడి, ముడి మీద చెయ్యి, వాటి కింద ఊపిరికి పైకీ కిందికీ కదులుతున్న చిన్న పొట్ట, మనసు ఎంత తేలికగా ఉంది, ఆ పాతకాలం వాళ్ళ ముడుల గురించీ మాటల గురించీ ఇంత చదివాను, ఆ ముడి వేసినప్పుడు పక్కన ఒక బిడ్డ ఉండి ఉంటుందని, ఊపిరి ఆడుతోందా లేదా అని ఒకావిడ వంగి చూస్తూ ఉండి ఉంటుందని ఒక్కసారైనా అనుకోలేదు, అది మంత్రమో మతమో ఆవిడకి తెలియదు, తెలుసుకునే తీరికా లేదు, దానికి పేరు పెట్టింది ఆ రోజు అక్కడ లేనివాళ్ళు, గీత గీసిందీ వాళ్ళే.