దించిన కనుబొమ్మ

“గిన్నెలు తోమే పీచుతో మళ్ళీ గోళ్ళు రుద్దుకున్నారు కదూ, యున్సోల్ నాన్నా?”

పీచులో గోధుమరంగు మైనపు మట్టి ఇరుక్కుని ఉంది. బుకాయించి లాభం లేదు. సోక్జే చూపు పొయ్యి మీది కొత్త పెనం మీద ఉంది.

“ఇది ఎక్కడిదన్నావు?”

“సూపర్‌మార్కెట్ లాటరీలో తగిలిందన్నానుగా.”

“శనివారం సూపర్‌మార్కెట్‌కి లిప్‌స్టిక్ వేసుకుని వెళ్ళావు.”

“అవును, ముల్లంగులు మెచ్చుకుంటాయని.” హ్వాసున్ గరిటె పట్టుకుని భర్త వైపు తిరిగింది. “ముందు ఆ కనుబొమ్మ దించండి. చిల్లర తక్కువిస్తే చేపలవాడు చూసినట్టు ఏం చూపది?”

అతను పనిచేసే కార్ల కంపెనీ గేటు దగ్గర కాపలాదారు అతని ఫోను కెమెరా మీద ఎర్ర స్టిక్కర్ అంటించాడు. లోపలికి వెళ్ళేటప్పుడు అంటిస్తారు, వచ్చేటప్పుడు పీకుతారు. లోపల తయారయ్యే కారు గురించి ఇంట్లో కూడా నోరు విప్పకూడదు. ఆయన మట్టితో ఏదో చేస్తాడనే తప్ప హ్వాసున్‌కి ఇన్నేళ్ళుగా మరేమీ తెలియదు.

ఇప్పుడు వాళ్ళు మట్టితో మలుస్తున్న నమూనా వచ్చే ఏడాది రాబోయే చిన్న కారు. కాస్త ఎత్తుగా, బలిసిన చక్రాల మీద నిలబడి ఉంది. సన్నటి దీపాల పైన పదునుగా లేచిన మడత మాత్రం సోక్జేది. కాగితం మీద అది మామూలు గీతే. వెచ్చటి మట్టి మీద అతని బొటనవేలు కాస్త ఎక్కువ లేపింది. కారు బొమ్మ గీసిన డిజైనర్ అమ్మాయి చాలాసేపు చూసి, “ఉంచేద్దాం మామా” అంది. ఇంత పనిలోనూ తనదని చెప్పుకోదగ్గది ఆ ఒక్క మడతే.

నో అనే టీమ్ పెద్ద అభిప్రాయాల కాగితాలతో వచ్చాడు. శనివారం ఒక అద్దె హాల్లో, కంపెనీ గుర్తు కప్పేసి, వచ్చినవాళ్ళ ఫోన్లకీ ఎర్ర స్టిక్కర్లు అంటించి, కారు నమూనాను మామూలు జనానికి చూపించారు.

“కుర్రాళ్ళు అదిరిందన్నారు. అద్దంలో ఇది కనిపిస్తే దారి ఇచ్చేస్తానన్నాడొక టాక్సీ ఆయన. ఇక ఒకావిడ మాట వినండి: ‘చిల్లర తక్కువిస్తే చేపలవాడు చూసినట్టుంది. ఆ కనుబొమ్మ దించితే కొంటాను.’”

అందరూ నవ్వారు. సోక్జే చేతిలో గీకుడు బద్ద ఆగిపోయింది.

“ఎవరావిడ?”

“ఎవరైతేనేం? వచ్చినవాళ్ళందరికీ తలా ఒక పెనం ఇచ్చి పంపాం. పైవాళ్ళు ఆ మడత తీసేయమన్నారు.”

హాల్లోకి రానిచ్చే ముందు అడిగే మొదటి ప్రశ్న అతనికి తెలుసు: మీ ఇంట్లో ఎవరైనా కార్ల కంపెనీలో పనిచేస్తున్నారా? హ్వాసున్ లేరని చెప్పి ఉంటుంది. ఆ సంగతి ఇప్పుడు చెబితే శనివారం అభిప్రాయాలన్నీ చెత్తబుట్టలో పడతాయి, మడత మిగులుతుంది. హ్వాసున్‌ని మాత్రం పిలిచి నిలదీస్తారు. చెప్పకపోతే, దాచినవాడు తానవుతాడు.

సాయంత్రం దాకా గీకాడు. మట్టి చుట్టలు చుట్టలుగా అతని బూట్ల మీద రాలింది.

రాత్రి భోజనాల దగ్గర, కొత్త పెనంలో వేగిన చేపలను ఫోటో తీయబోయింది కూతురు యున్సోల్.

“అమ్మా, నీ ఫోన్లో అంతా నల్లగా వస్తోందేంటి?”

ఫోను వెనక ఎర్ర స్టిక్కర్. హ్వాసున్ సూప్ గిన్నెలోకి తల వంచుకుంది. సోక్జే చెయ్యి చాచి, అలవాటైన గోటితో దాన్ని పీకేశాడు.

“నెలాఖరుకి పని మానేస్తున్నాను.”

“ఎవరైనా ఏమన్నా అన్నారా?” తల ఎత్తకుండానే అడిగింది భార్య.

“ఎవరూ ఏమీ అనలేదు. ఇక ఆ గేటు దాటలేను. అన్నం పెట్టు.”

గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది. “అది మీరు చేసిందని నాకేం తెలుసు?”

“ఏది?” అంది యున్సోల్.

సోక్జే స్టిక్కర్ పట్టిన చేత్తోనే పెనాన్ని అవతలికి జరిపాడు. పెనం పిడికి అంటుకుని ఉంది, ఎర్ర స్టిక్కర్.