మొప్పలు ముందు, పాట తరవాత

హేమకి కోపం వస్తే అరవదు. జడ విప్పి మళ్ళీ అల్లుకుంటుంది. ఆ పొద్దున భావనపాడు ఒడ్డున చేపల తట్టల మధ్య నిలబడి, ఊరంతా చూస్తుండగా రెండుసార్లు జడ అల్లుకుంది.

కారణం ఆమె చేతిలోని ఫోనే. గజపతినగరంలో భోజన హోటలు నడిపే పద్మకుమారి అందులోంచి, వేలంపాట పెట్టే హేమ తల్లికి వినపడేలా గట్టిగా అరిచింది. "అప్పా, ఆ కోనాం నాకే! పాట మీద ఇంకో యాభై!" అప్పటికే ఆ కోనాం చేప టోకు వ్యాపారి కొండబాబు పెట్టెలో పడింది, దాని మీద ఐసు కూడా పడింది.

ఒడ్డంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది కొండబాబే. "అమ్మడూ, రైలు ఎల్లిపోనాక టిక్కెట్టు కొంటే ఏటి లాభం? నౌపడ టేసన్లో నిలబడి సెయ్యూపుకోడానికా?" అన్నాడు.

ఈ గొడవ ఎందుకొచ్చిందో చెప్పాలి. భావనపాడులో పడవలు ఒడ్డుకొచ్చాక మగవాళ్ళు వలలు దులుపుకుంటారు, అమ్మకం ఆడవాళ్ళది. వేలంపాట పెట్టేది హేమ తల్లి మరిడమ్మ. ఆమె గొంతెత్తితే సముద్రం హోరు కూడా వినపడదు. గొంతుంటే సరిపోయిందా? కొనేవాడుండొద్దూ! ఐసు వ్యాను కొండబాబుది. చిల్లర వ్యాపారులు ఇద్దరు ముగ్గురు వచ్చినా, ఆయన మొహం చూశాక నోరు విప్పరు. ఆయన ఎంతంటే అంత. ఎండెక్కితే చేప ఆగదు కదా మరి.

అందుకే హేమ ఫోన్లో ఒక యాప్ తయారుచేసింది. ఒడ్డున జరిగే పాటని ఊళ్ళవాళ్ళు ఫోన్లో చూస్తూ తామూ పాడొచ్చు. గెలిచినవాళ్ళ చేపల్ని పట్టుకెళ్ళడానికి పలాస నుంచి అద్దె వ్యాను కూడా మాట్లాడింది. ఇలాంటి పని ఆమెకి కొత్త కాదు. విశాఖలో ఆమె పనిచేసే కంపెనీ, యాప్‌లు తయారుచేసేవాళ్ళకి వీడియో సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. వీడియో ఆడించాలన్నా, రికార్డు చెయ్యాలన్నా, లైవ్‌లో పంపాలన్నా ఎవరికి వాళ్ళు మొదటినుంచీ కోడు రాసుకోనక్కర్లేదు, ఆ కంపెనీది తెచ్చి తమ యాప్‌లో కలుపుకుంటే చాలు. కలిపాక వచ్చే తలనొప్పులకి ఇంట్లో కూర్చుని మందు చెప్పేది హేమ. వచ్చినవాళ్ళలో సగంమందిది ఒకటే ఏడుపు, "వీడియో మధ్యమధ్యలో ఆగిపోతోందండీ" అని. హేమదీ ఒకటే మందు, "కొంత వీడియో ముందే నిలవ చేసుకుని, అప్పుడు చూపించండి."

తన యాప్‌కీ అదే మందు వేసింది. పప్పులో కాలేసింది. సినిమా చూసేవాడికి బొమ్మ ఆరేడు సెకన్లు వెనకబడితే నష్టమేముంది? మరిడమ్మ నోట ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయిపోడానికి అంతసేపు పట్టదే! ఒడ్డున పాట ముగిసేటప్పటికి పద్మకుమారి ఫోన్లో ఇంకా మొదలవుతోంది. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అన్నారా?

మర్నాడు హేమ ఆ నిలవంతా తీసి పారేసింది. అదింకా ఘోరం. ఒడ్డున సిగ్నలు అంతంత మాత్రం. బొమ్మ కదలడం, బిగుసుకుపోవడం, మళ్ళీ కదలడం. "అప్పా, నాకు తోకే కనిపిస్తన్నాది! తోక సూసి ఏటి కొంటాను?" అని పద్మకుమారి మొత్తుకుంది. అద్దె వ్యాను ఆరోజు కూడా ఖాళీగానే వెళ్ళింది.

ఈసారి కొండబాబు నవ్వలేదు. తన వ్యాను మెట్టు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "మరిడమ్మా, రేపొక్క పొద్దు సూస్తాను. ఎల్లుండి కూడా ఈ పోను ఆటే అయితే నా వేను ఈ ఒడ్డుకి రాదు. మీ సేపలు మీరే ఎండబెట్టుకోండి."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దదైన కూర్మమ్మ హేమ దగ్గరకొచ్చింది. "పిల్లా, నీ సదువంటే మాకు గౌరవమే. గాని సేప కుళ్ళిపోతే నీ పోను కొంటాదేటి? రేపవ్వకపోతే ఒగ్గీ తల్లీ. ఆయన కాళ్ళు పట్టుకుని ఎనక్కి పిలుసుకుంటాం. అప్పుడు ఇప్పటి రేటు కూడా రాదు."

ఇంటికొచ్చాక మరిడమ్మ కూడా వదిలెయ్యమనే అంది. "ఒగ్గీయే."

"ఒగ్గను," అంది హేమ. కంపెనీకి సెలవు పెట్టి, వీధరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచింది.

యాప్ ప్రతి పాటనీ రికార్డు చేసి దాస్తుంది. ఆ రికార్డులు ముందేసుకుంది. మొదటిసారి బొమ్మ ఎక్కడ ఆగిందో చూసింది. రెండోసారీ అదే చూసింది. ఏమీ పాలుపోలేదు. చిరాకుపడి, ఆగిన బొమ్మల సంగతి వదిలేసి అందులోని మనుషుల్ని చూసింది. కొండబాబు కనిపించాడు. పాటకి ముందు తట్ట తట్టకీ వంగి, మొప్ప ఎత్తి ఎరుపు చూస్తున్నాడు, పొట్ట నొక్కుతున్నాడు, వాసన చూస్తున్నాడు. మరిడమ్మ నోరు తెరిచింది. అంతే, ఆయన మళ్ళీ ఒక్కసారి కూడా చేప వైపు తిరగలేదు! మిగతా వ్యాపారులూ అంతే. కళ్ళన్నీ మరిడమ్మ నోటి మీదే.

హేమ గబుక్కున లేచి నిలబడింది. "అమ్మా! పాట మొదలయ్యాక సేపని ఎవులైనా సూస్తారా?"

"అప్పుడు సేపతో పనేటే? ఎవుడెంత అన్నాడో ఇనుకోవాల," అంది మరిడమ్మ, చింతపండు పిసుకుతూ.

ఇంకేముంది! రెండు పన్లని ఒక తాడుకి కట్టి ఈడుస్తోంది తను. చేపని చూడటం నిదానం పని, దానికి మంచి బొమ్మ కావాలి, ఆలస్యమైనా ఫరవాలేదు. పాడటం తొందర పని, దానికి బొమ్మే అక్కర్లేదు. పాటకి ముందే తట్ట తట్టకీ మొప్పల వీడియో తీసి పంపేస్తే, కొనేవాళ్ళు తిప్పి తిప్పి చూసుకుంటారు. పాట మొదలయ్యాక గొంతులు మాత్రమే. గొంతు తేలిక, పలచటి సిగ్నల్లో కూడా దూరిపోతుంది.

వీడియో కంపెనీలో పనిచేస్తూ వీడియో తీసేయడమంటే వంటమనిషి పొయ్యి ఆర్పేసినట్టే. హేమకి మనసొప్పలేదు. అయినా ఆర్పేసింది. దీపాలు పెట్టే వేళకి కొత్త యాప్ విజయనగరం బజారు వ్యాపారి ఫోన్లోనూ, పద్మకుమారి ఫోన్లోనూ పడింది. "నేను ఊ అన్న వెంటనే నువ్వూ ఊ అను పిన్నీ," అంది హేమ. ఊ అంటే ఊ వచ్చింది, ఎదురుగా కూర్చుని అన్నట్టే. అప్పుడు గాని హేమ అన్నం ముందు కూర్చోలేదు.

మూడో పొద్దు పడవలు వచ్చాయి. తట్ట దింపినవాళ్ళు దింపినట్టే హేమ వంగి, మొప్ప ఎత్తి, ఫోను దగ్గరగా పెట్టి వీడియో తీసుకుంటూ పోయింది. కొండబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాను ఈ పొద్దు పాడను. మీ పోన్నే పాడమనండి," అన్నాడు. ఆ మాట విని చిల్లర వ్యాపారులు కూడా ఇసక గీరుతూ నిలబడ్డారు.

మరిడమ్మ చందువా చేపల తట్ట ముందుకు లాగి రేటు పలికింది. బదులు లేదు. ఫోన్లోనూ లేదు.

"ఒకటోసారి..."

కూర్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్నడూ తగ్గని మరిడమ్మ గొంతు ఆరోజు కాస్త తగ్గింది. "రెండోసారి..."

"యాభై ఎక్కువ, అప్పా!" ఫోను పలికింది. "మొప్పలు తిప్పి తిప్పి సూసినాను. మందారప్పువ్వుల్లాగున్నాయి!"

ఆ వెంటే విజయనగరం బజారు వ్యాపారి. "నాది ఇంకో యాభై!"

ఒడ్డున ఒక్కసారిగా కలకలం పుట్టింది. మరిడమ్మ గొంతు మళ్ళీ పూనకం వచ్చినట్టు లేచింది. చందువాలు గజపతినగరానికి పోయాయి, కానాగంతలు విజయనగరానికి పోయాయి. అద్దె వ్యాను డ్రైవరు పెట్టెలెక్కిస్తున్నాడు. ఇక మిగిలిన వాటిల్లో మేలైనది నిగనిగలాడే కోనాం తట్ట.

కొండబాబు కట్టుకున్న చేతులు విప్పాడు. హోటళ్ళకి కోనాం తెస్తానని మాటిచ్చాడాయన. ఖాళీ వ్యానుతో పోతే పరువేం కాను? "వంద ఎక్కువ!" అన్నాడు.

ఆయన నోరు మూయకముందే పద్మకుమారి అంది, "ఇంకో వంద."

"ఇంకో వంద!"

"దానిమీద వంద."

కొండబాబుకి రోషం ముంచుకొచ్చింది. ఒడ్డంతా దద్దరిల్లేలా ఒక రేటు అరిచాడు. కోనాం చేపకి అంత రేటు ఆ ఇసక మీద ఎవరూ ఎన్నడూ వినలేదు.

"నా హోటలుకి అంత గిట్టదప్పా. ఆయనకే ఇచ్చీ," అంది పద్మకుమారి.

మరిడమ్మ మూడోసారి అంది. కోనాం కొండబాబుదే. ఆయన మీసం దువ్వుకుంటూ హేమ వైపు తిరిగాడు. "సూసినావా అమ్మడూ? నీ పోను మీద గెలిసినాను."

హేమ ఈసారి జడ కూడా ముట్టుకోలేదు. ఆయన తట్ట తీసుకోబోతే మరిడమ్మ దాని అంచు మీద చెయ్యి వేసి ఆపింది. ఆమె గొంతు ఎప్పట్లా పెద్దగా లేదు.

"కొండబాబు బావా, ఇన్నేళ్ళూ ఈ రేటు నీ నోట్లోనే ఉన్నాదా?"

ఆడవాళ్ళంతా ఆయన నోటి వంకే చూస్తున్నారు. కొండబాబు తట్ట వైపు తల దించుకున్నాడు. పాట మొదలయ్యాక ఆయన చేప వంక చూడటం అదే మొదటిసారి.

"అప్పా, తరవాత తట్టేటి?" అని ఫోన్లోంచి పద్మకుమారి తొందరపెట్టింది.

"వస్తన్నాది," అంది మరిడమ్మ, అంచు మీంచి చెయ్యి తీసి.