పల్లానికి ఒరిగిన కంచె

గుంజకు భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. కదిలింది. మట్టిలోంచి ముసలి పన్నులా కిర్రుమంది.

"నాకు తెలుసు" అన్నాడు కంచె కాపరి, చుట్టుపక్కల వినేవాళ్ళెవరూ లేకపోయినా.

అతనికి ఎప్పుడూ అన్నీ ముందే తెలుసు. వానలకు ముందు నిటారుగా నిలబెట్టిన గుంజ ఇప్పుడు ఒరిగిందంటే ఎవరో ఒకరి చెయ్యి పడే ఉండాలి. ఆ చెయ్యి ఎవరిదో కూడా అతనికి తెలుసు. పట్టుబడలేదు, అంతే తేడా.

పొట్టి మనిషి. మెడ ఓ పక్కకు వంచి, ఒక కన్ను చికిలించి చూస్తాడు. ముళ్ళతీగ గీతలు పడి పడి అరచేతులు పాత తోలు సంచిలా మొద్దుబారాయి. మేతకొండ చుట్టూ తిరిగి కంచె బాగుచేయడం అతని ఉద్యోగం. జీతమిచ్చే ఆఫీసులో అందరూ "అనుమానాల మేస్త్రీ" అంటారు. కూరలో ఉప్పు ఎక్కువైతే "మర్చిపోయి వేశావా, తెలిసే వేశావా?" అని పెళ్ళాన్ని నిలదీసే మనిషికి అంతకన్నా మంచి పేరు ఎలా వస్తుంది? తీగ మీద పిట్ట కాస్త ఎక్కువసేపు వాలినా దాని మీద ఓ కన్నేసి ఉంచుతాడు.

ఆ కొండ మీద వాన చుట్టపుచూపుగా వస్తుంది. నేలంతా బంకమట్టి. తడిస్తే ఉబ్బిపోయి, చెప్పులకు అంటుకుని, కాలు ఎత్తనివ్వదు. ఎండితే మోచేతిదాకా చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుంటుంది. వానలు వెలిశాక ఏటా కంచె వెంబడి ఎక్కడివో రాళ్ళు పైకి తేలి కనిపిస్తాయి. తనంటే గిట్టనివాళ్ళే వాటిని తెచ్చి పడేస్తున్నారని అతని నమ్మకం. తిట్టుకుంటూ ఏరి అవతల పారేస్తాడు. మళ్ళీ ఏడాది మళ్ళీ రాళ్ళు. వాళ్ళ ఓపికకు అతనికే ఆశ్చర్యం వేసేది.

ఇవాళ పొద్దున్న రొట్టెల డబ్బా చేతికిస్తూ భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"తమ్ముడు గొర్రెల్ని అమ్మేశాడు. మధ్యాహ్నం లారీలో వెళ్ళిపోతున్నాడు, ఇక రాడట. ఒక్కసారి వచ్చి కనిపించవయ్యా."

"ఎందుకు పోతున్నట్టో! ఏదో ఉండే ఉంటుంది."

"మేత లేదు. అంతకన్నా ఏముంటుంది?"

"నాకు పనుంది."

ఆమె పక్కకు తప్పుకుంది. అలా తప్పుకోవడంలో కూడా ఏదో ఉందని అతను దారిపొడుగునా ఆలోచించాడు.

ఒకప్పుడు బావమరిదీ అతనూ కలిసే కంచె బిగించేవారు. వాడు తీగ లాగి పట్టుకుంటే ఇతను కటింగ్ ప్లేయరుతో మెలి తిప్పేవాడు. ఒక ఎండాకాలం, పని మధ్యలో ఆ కటింగ్ ప్లేయరు కాస్తా మాయమైంది. తండ్రి చేతి పనిముట్టు అది. పిడికి భార్య పాత బట్ట చింపి చుట్టిన ఎర్రపేలిక.

"నీ పక్కనే పెట్టావుగా బావా, నాకేం తెలుసు?" అన్నాడు బావమరిది.

"కంచె కత్తిరించి గొర్రెల్ని తోలుకోవడానికి కొట్టేశావు" అన్నాడితను, పదిమందిలో. బావమరిది ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు. అక్కాతమ్ముళ్ళు దారిలో ఎదురుపడినప్పుడు నిలబడి మాట్లాడుకునేవారు, దొంగల్లాగా.

ఎండ నడినెత్తికొచ్చేసరికి వాలు మధ్యనున్న గుంజ దగ్గరకు చేరాడు. దాని మొదట్లో, పెద్ద నెర్రె అంచున, మట్టిలోంచి ఎర్రగా ఏదో తొంగిచూస్తోంది.

వంగాడు. ఎర్రపేలిక. దాని కింద తుప్పు పట్టిన ఇనుము.

మొదట నవ్వొచ్చింది. "పోతూ పోతూ తెచ్చి పడేశాడన్నమాట! మనసు పీకి ఉంటుంది" అనుకున్నాడు. అడుగుజాడల కోసం చుట్టూ వెతికాడు. ఎండిన మట్టి పైపొర అప్పడంలా వంకరలు తిరిగి ఉంది, ఎక్కడా చిట్లలేదు. తన చెప్పుల గుర్తులు తప్ప వేరే గుర్తు లేదు. పట్టుకుని లాగాడు. రాలేదు. గడ్డపారతో చుట్టూ తవ్వాల్సి వచ్చింది. బయటికొచ్చిన కటింగ్ ప్లేయరు నోటినిండా బంకమట్టి. రెండు పిడుల మధ్యనుంచి గడ్డివేరు దూరి, మెలికలు తిరిగి, ఎండిపోయి ఉంది.

వేరును ఎవరూ రాత్రికి రాత్రి తెచ్చి పెట్టలేరు.

అక్కడే చతికిలబడ్డాడు. ఆ రోజు కూర్చున్నదీ ఇక్కడే. పక్కన పెట్టాడు. పక్కన నెర్రె ఉండే ఉంటుంది. వానకు నేల మూసుకుని దాన్ని మింగింది, ఏళ్ళ తరబడి ఉబ్బుతూ కుంగుతూ మెల్లగా పైకి నెట్టింది. అలా నెట్టినవే ఆ రాళ్ళు కూడా. కన్ను చికిలించి కంచె పొడవునా చూశాడు. గుంజలన్నీ ఒకేవైపు, పల్లానికి ఒరిగి ఉన్నాయి. ఏ గొర్రే ఎక్కలేని ఆ చివరి రాళ్ళగుట్ట దగ్గర కూడా.

సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. ఆ వెంటనే, అలవాటు ఎక్కడికి పోతుంది, ఇంకో అనుమానం పుట్టింది. ఇది తీసుకెళ్ళి చూపిస్తే వాడేమంటాడు? ఇన్నాళ్ళూ నువ్వే దాచి నన్ను దొంగను చేశావంటాడు. పక్కనే నెర్రె నోరు తెరుచుకుని ఉంది. వదిలేస్తే చాలు, ఎవరికీ తెలియదు. కటింగ్ ప్లేయరును నెర్రె మీదికి చాపి అలాగే కాసేపు పట్టుకున్నాడు. వాడు ఆ రోజు "బావా" అన్న పిలుపు చెవిలో మోగింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అననీ, ఏమంటే అది అననీ అనుకున్నాడు.

కింద రోడ్డు మీద లారీ ఆగి ఉంది. బావమరిది మంచం ఎక్కిస్తున్నాడు. భార్య మూట అందిస్తోంది.

"ఒరే, ఆగరా! దొరికిందిరా!" అని అరిచాడు. ఎదురుగాలి ఆ కేకను అతని ముఖానే కొట్టింది. పరుగులాంటి నడకతో దిగాడు. మిగిలిన వాలులో సగం దిగేసరికి ఎడమ భుజంలోంచి గుండెలోకి ఏదో బిగించినట్టయింది. ఆయాసం తీరాక దిగుదామని ఓ గుంజకు వీపు ఆనించి కూర్చున్నాడు. ముఖం రోడ్డు వైపే ఉంది.

లారీ ఎక్కబోతూ బావమరిది తలెత్తి చూశాడు.

"చూడక్కా, కొండ మీంచి కాపలా కాస్తున్నాడు. నేను నిజంగా పోతున్నానో లేదోనని బావకింకా అనుమానమే." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

లారీ మలుపు తిరిగింది. భార్య కోపంతో కొండెక్కింది. "కిందికి దిగొస్తే నీ సొమ్మేం పోయేదయ్యా? నీ కళ్ళముందే పోయాడు కదా!" అని దూరం నుంచే తిట్టుకుంటూ వచ్చింది. అతను బదులు పలకలేదు. ఒళ్ళో ఎర్రపేలిక కనబడింది. అది తన బట్టే. దాన్నీ, పిడుల మధ్య వేరునూ, అతని చెప్పులు రోడ్డు వైపు ఈడ్చుకొచ్చిన గుర్తులనూ చూసింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది, ఊపిరి లేదు. పక్కన కూలబడి, పోయిన మనిషి భుజం పట్టుకుని "చెప్పడానికే వస్తున్నావా?" అని అడిగి అడిగి ఏడ్చింది.

కబురందుకుని బావమరిది మర్నాడే తిరిగొచ్చాడు. అక్క ఆ కటింగ్ ప్లేయరును వేరుతో సహా చేతిలో పెట్టింది. తెరవబోయాడు. తెరుచుకోలేదు. అన్నీ అయ్యాక ఒక్కడే కొండెక్కి, బావ ఆనుకుని కూర్చున్న గుంజకు దాన్ని తీగతో కట్టాడు.

వానలు పడ్డాయి. ఆ గుంజ పల్లానికి మరికాస్త ఒరిగింది. దానికి తుప్పు పట్టిన కటింగ్ ప్లేయరు, నోటినిండా మట్టితో, రోడ్డు వైపు వేలాడుతోంది.